జాగ్రత్త చేసిన స్వెటర్

తెలుగులో ‘జాగ్రత్త’ అనే మాటకి రెండు ముఖాలున్నాయి. ‘జాగ్రత్తగా ఉండు’ అంటే కళ్ళు తెరుచుకుని ఉండమని. ‘దీన్ని జాగ్రత్త చెయ్యి’ అంటే తీసుకెళ్ళి బీరువాలో పెట్టి తాళం వెయ్యమని. మాట పుట్టుక మొదటి అర్థం వైపే ఉంది. సంస్కృతంలో ‘జాగ్రత్’ అంటే మేలుకుని ఉన్న స్థితి. శివరాత్రికి కోటప్పకొండలో చేసే జాగరణ కూడా ఆ కుదురులోదే. అలాంటి మాట వస్తువుల దగ్గరికి వచ్చేసరికి దాదాపు తలకిందులైంది. జాగ్రత్త చేసిన వస్తువు గురించి మనం నిశ్చింతగా నిద్రపోతాం. అసలు జాగ్రత్త చేసేదే అందుకు.

ఈ ఆలోచనకి కారణం ఒక స్వెటర్. అక్క చికాగో నుంచి అమ్మకి కాష్మియర్ స్వెటర్ తెచ్చి ఆరేళ్ళయింది. అమ్మ ఉండేది నరసరావుపేటలో. ఎండాకాలం వచ్చిందంటే మా జిల్లా రెంటచింతల పేరు వార్తల్లో వినపడుతుంది, అలాంటి చోటు. “అంత ఖరీదుది ఇంట్లో వేసుకుంటామా?” అని ఆవిడ దాన్ని పట్టుచీరల అడుగున, నాలుగు కలరా ఉండలు వేసి పెట్టింది. మొన్న సంక్రాంతికి తీస్తే చేతి దగ్గర మూడు చిల్లులు. “ఇంత జాగ్రత్త చేశానే!” అంది. కాసేపాగి, “అక్కకి చెప్పకు,” అంది.

ఆ చిల్లులు పెట్టింది చిమ్మెట. రెక్కలొచ్చాక అది ఏమీ తినదు, తినేదంతా పిల్లపురుగుగా ఉన్నప్పుడే. ఉన్ని, వెంట్రుక, ఈక, గోరు అన్నీ కెరటిన్ అనే మాంసకృత్తు. దాన్ని అరిగించుకోగల అతికొద్ది ప్రాణుల్లో ఇదొకటి. దానికి కావలసింది చీకటి, ఎవరూ కదిలించని చోటు. చెమటో, కూర మరకో అంటిన బట్టయితే మరీ ఇష్టం. అంటే వస్తువుని భద్రంగా దాచడానికి మనం ఎంచుకునే చోటే దానికి పురిటిగది. కలరా ఉండల ఆవిరి గట్టిగా మూసిన పెట్టెలో దట్టంగా నిండితే తప్ప సరిగ్గా పనిచెయ్యదు. సందులున్న బీరువాలో మిగిలేది వాసనే. పైగా ఆ ఆవిరి మనకీ మంచిది కాదు. జీ6పీడీ లోపం ఉన్న పసిపిల్లలకైతే ఎర్రరక్తకణాలు చితికిపోయే ప్రమాదం కూడా ఉంది.

మరి ఉన్నిబట్ట మననుంచి ఏం కోరుతుంది? లోపల పెట్టేముందు ఉతకమంటుంది. చల్లటి నీళ్ళు, కాస్త షాంపూ చాలు, ఉన్నీ జుట్టూ ఒకటే పదార్థం కదా. వేడినీళ్ళలో రుద్దితే పోగుల మీది పొలుసులు ఒకదాన్నొకటి పట్టుకుని బట్ట ముడుచుకుపోతుంది. పిండకుండా తువ్వాలులో చుట్టి నీరు లాగేసి, నీడలో పరిచి ఆరబెట్టాలి. హ్యాంగరుకి వేలాడదీస్తే సాగిపోతుంది కాబట్టి మడతపెట్టి, గాలి చొరని పెట్టెలో ఉంచాలి. నెలకో రెండు నెలలకో తీసి, దులిపి, చూడాలి. పురుగు అనుమానముంటే ప్లాస్టిక్ కవర్లో చుట్టి రెండు వారాలు డీప్ ఫ్రీజర్లో పెట్టొచ్చు. ఇందులో ఏదీ ఒక్కసారి చేసేసి మర్చిపోయే పని కాదు. మా సాఫ్ట్‌వేర్ పనిలోనూ అంతే. ఎప్పుడూ తిరిగి తెరిచి చూడని బ్యాకప్, బ్యాకప్ ఉందన్న నమ్మకం మాత్రమే.

పల్నాడులో గొర్రెలకి కొదవలేదు. మాచర్ల పేరుతో ఒక గొర్రెజాతే ఉంది, కానీ దాన్ని పెంచేది మాంసానికి. ఉన్నికి కృష్ణ దాటాలి. అక్కడ దక్కనీ గొర్రెల నల్ల ఉన్నితో కురుమలు గొంగడి నేస్తారు, చింతగింజల గంజి పెడతారు. కాపరికి అది వానలో గొడుగు, రాత్రి పక్క, పగలు ఆసనం. రోజూ దులుపుతాడు, ఎండలో తిరుగుతాడు. చిమ్మెటకి గుడ్లు పెట్టే తీరికేది? ‘ఎక్కడ వేసిన గొంగళి అక్కడే’ అని ఎదుగుబొదుగు లేని పని గురించి అంటాం. గొంగళికి కూడా అంతకన్నా చేటు లేదు.

అయితే ‘దాచకండి, వాడుకోండి’ అని తేల్చెయ్యడానికి నాకు మనసొప్పదు. ఇంకోటి కొనుక్కోగలిగినవాళ్ళకి ఆ మాట సులువు. ఉన్న ఒక్క మంచి చీరనీ ఇంట్లో కట్టేస్తే రేపు పెళ్ళికి ఏం కట్టుకోవాలన్న లెక్కలో పెరిగిన తరం అమ్మది. దాచుకోవడం ఆ తరానికి మర్యాద నిలబెట్టుకునే దారి. పైగా ఆ స్వెటర్‌తో పాటు ఆవిడ దాచుకున్నది, కూతురు తనని తలుచుకుందన్న రుజువు. దాన్ని రోజువారీ బట్టలా ఎలా వాడుతుంది?

వస్తువు వైపు నుంచీ ఒక మాట ఉంది. లద్దాఖ్‌లోని చాంగ్‌థాంగ్ లాంటి చలిప్రాంతాల్లో మేక తన ఒంటిని కాపాడుకోడానికి పెంచుకున్న మెత్తటి లోపలి నూగు అది. ఒక్కో మేక నుంచి ఏడాదికి వచ్చేది కొన్ని వందల గ్రాముల లోపే. ఒక స్వెటర్‌కి రెండు మూడు మేకల నూగైనా కావాలి. గిరాకీ కోసం మందలు పెరిగి మంగోలియాలో పచ్చికబయళ్ళు అరిగిపోతున్నాయి. ఇంత ఖర్చుతో వచ్చినదాన్ని నిర్లక్ష్యంగా చింపెయ్యడం తప్పయితే, ఎవరికీ వెచ్చదనం ఇవ్వకుండా పురుగుకి వదిలెయ్యడమూ తప్పే.

దాచడానికీ వాడిపారెయ్యడానికీ మధ్య ఇంకో పని ఉంది, దానికి మనకి సరైన పేరు లేదు. అప్పుడప్పుడూ వెళ్ళి చూసి రావడం. మా తరం తల్లిదండ్రుల్ని కూడా బాగా జాగ్రత్త చేసింది. ఇంటికి కెమెరాలు, ఆరోగ్య బీమా, నెలనెలా యాప్‌లో మందులు. అన్నీ అవసరమైనవే. వాటి మీద భారం వేసి హైదరాబాదులోనో చికాగోలోనో హాయిగా నిద్రపోవడం దగ్గరే చిక్కు. చిమ్మెటకి నచ్చే చీకటి బీరువాల్లోనే ఉండాలని లేదు.

శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్ళిపోతుందంటారు. ఉన్నిబట్టలు ఉతికి లోపల పెట్టే కాలమూ అదే. పెట్టేటప్పుడే, మళ్ళీ ఎప్పుడు తీసి చూడాలో క్యాలెండర్లో రాసుకుంటే మంచిది. జాగరణ ఒక్క రాత్రితో అయ్యేది కాదు.