వాళ్ళ పదకొండో రోజు

చావు జరిగిన ఇంటి నుంచి బయల్దేరేటప్పుడు "వెళ్ళొస్తాను" అనకూడదు. పాడె అన్న మాట మామూలు రోజుల్లో తిట్టుకే పనికొస్తుంది. మా కోనసీమలో పిల్లలం రోడ్డు మీద పేలాలు కనిపిస్తే తొక్కకుండా పక్కకి గెంతేవాళ్ళం. ఇదంతా చావంటే భయం అనుకుంటాం. నాకు అనుమానమే.

వస్తువులన్నీ రెండు వైపులా ఉన్నవే కదా. పెళ్ళిపందిరికీ పాడెకీ ఒకటే వెదురు. తలంబ్రాలూ బియ్యమే, శవం నోట్లో పోసేదీ బియ్యమే. అయిరేని కుండలు చేసిన చేతులే కాటిదగ్గర పగిలే కుండనీ చేస్తాయి. జాతరకి మోగిన డప్పే చావుకీ మోగుతుంది. ఇక గోదారి సంగతి చెప్పాలా? అస్థికలు కలిపే నీళ్ళలోనే 2015 పుష్కరాలకి రాజమండ్రి వెళ్ళి మరీ మునిగాం. శవం మీద చల్లిన చిల్లర కొట్టుకి చేరగానే మళ్ళీ డబ్బే. కర్త మైల కూడా పదకొండో రోజుకో పన్నెండో రోజుకో స్నానంతో పోతుంది. డప్పు కొట్టినవాడికీ కాటికాపరికీ మాత్రం ఆ పదకొండో రోజు రాదు.

మా నాయనమ్మ పోయినప్పుడు పక్కింటివాళ్ళు కాఫీలు పంపారు. అందరికీ స్టీలు గ్లాసులు. ఫ్రీజర్ పెట్టె తెచ్చిన కుర్రాడికి మాత్రం కాగితం గ్లాసు వెతికి తెచ్చారు. ఆ పెట్టె మీద పడి అందరం ఏడ్చాం, పెట్టె ఎవరికీ అంటలేదు.

మన జిల్లాల్లో హరిశ్చంద్ర నాటకం ఆడితే కాటి సీనుకే వన్స్ మోర్లు. బలిజేపల్లి నాటకంలో లేని జాషువా శ్మశాన పద్యాలని నటులు చేర్చుకుని పాడతారు, అంటరానితనం అనుభవించిన కవివి. జనం కళ్ళు తుడుచుకుంటారు. ఆ జాలంతా కాటికాపరి పని చెయ్యాల్సి వచ్చిన రాజు మీదే. వీరబాహుడి మీద ఎవరికీ జాలి కలగదు, అతను ఆ పనికే పుట్టినట్టు.

దళితుల చేత శవాలు మోయించడం, గోతులు తవ్వించడం నేరమని ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టంలో 2015 సవరణ స్పష్టంగా చెప్పింది. ఈమధ్య ఈ సంగతి ఎత్తితే మా బాబాయి, "డబ్బిస్తున్నాం కదా, బలవంతం ఏముంది?" అన్నాడు.

"ఆ డబ్బుకి మనింట్లో కుర్రాళ్ళు ఎవరైనా వెళ్తారా బాబాయ్?"

కాసేపు ఊరుకుని, "శుభమా అని భోజనానికి కూర్చుంటే ఆ మాటలెందుకురా" అన్నాడు.