పెద్ద కొడుకు అడిగిన మేకపిల్ల

2024 జులై 6. జర్మనీలోని డ్యూసెల్‌డార్ఫ్‌లో యూరో ఫుట్‌బాల్ క్వార్టర్ ఫైనల్. స్విట్జర్లాండ్ 1-0తో ముందుంది, ఇంగ్లండ్‌కు మిగిలింది పది నిమిషాలే. కుడి అంచున బంతి అందుకున్న బుకాయో సాకా ఎడమ కాలితో దాన్ని లోపలికి తెచ్చుకుని, పెనాల్టీ బాక్స్ బయటి నుంచే నేలబారుగా కొట్టాడు. అవతలి పోస్టు లోపలి అంచును తాకి బంతి వలలో పడింది. ఆ తర్వాత షూటౌట్‌లోనూ తన వంతు పెనాల్టీని గోల్‌గా మలిచాడు. ఇంగ్లండ్ సెమీస్ చేరింది.

మూడు రోజులకు మ్యూనిక్‌లో ఫ్రాన్స్‌పై స్పెయిన్ కుర్రాడు లామిన్ యమాల్ గోల్ చేశాడు. అతనూ కుడి వింగరే, అతనిదీ ఎడమ కాలే, ఆ బంతీ పోస్టును తాకే లోపలికెళ్లింది. కాకపోతే ఇది గాల్లో వంపు తిరిగి పైమూలకు దూసుకెళ్లింది. పదిహేడేళ్లు నిండటానికి యమాల్‌కు ఇంకా నాలుగు రోజులున్నాయి. లోకమంతా ఆ గోల్ గురించే మాట్లాడింది. మాట్లాడాల్సిందే, అంత అందమైన గోల్ అది. అయితే సాకా గోల్ దగ్గరికొచ్చేసరికి ‘అతను ఎప్పుడూ కొట్టేదేగా’ అనేసి ఊరుకోవడం ఎందుకంత తేలికవుతుంది? ‘ఎప్పుడూ’ అన్న ఆ మాట పొగడ్త కావాలి కదా, తగ్గింపు ఎలా అయింది?

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని మనవాళ్లు ఊరికే అనలేదు.

సాకాకు గుర్తింపే లేదనడం అబద్ధమవుతుంది. 2021-22, 2022-23 సీజన్లలో వరుసగా ఇంగ్లండ్ ఉత్తమ ఆటగాడిగా ఎంపికయ్యాడు. కానీ బహుమతి వేరు, అభిమాని గుండె ఎగిరిపడటం వేరు. ప్రీమియర్ లీగ్‌లో ఆర్సెనల్ తరఫున అతను వరుసగా 87 మ్యాచ్‌లు ఆడాడు. ఆ లీగ్‌లో క్లబ్‌కు అప్పటికి అదే రికార్డు. 2023 అక్టోబరులో మాంచెస్టర్ సిటీతో మ్యాచ్‌కు గాయంతో దూరమయ్యేదాకా ఆ వరుస తెగలేదు. వింగర్ అంటే ప్రత్యర్థి డిఫెండర్ కాళ్లు ముందుగా వెతికేది అతని మడమలనే. బంతి రాగానే ఇద్దరు చుట్టుముడతారు. అలాంటి స్థానంలో, ఇరవై రెండేళ్లు నిండిన కొద్ది రోజులకల్లా 87 మ్యాచ్‌ల వరుస పూర్తి చేయడం ఏ ఒక్క గోల్‌కూ తీసిపోని ఘనకార్యం. అయితే దాన్ని ముప్పై సెకన్ల వీడియోలో చూపించడం ఎవరివల్లా కాదు.

సాకా దైవభక్తి గల క్రైస్తవుడు. రాత్రి పడుకునే ముందు బైబిల్ చదువుతానని తనే చెప్పాడు. అదే బైబిల్లో, లూకా సువార్త 15వ అధ్యాయంలో ఈ చిక్కు ప్రశ్న కథగా కనిపిస్తుంది. తప్పిపోయిన కుమారుడి కథ తెలుగు చర్చిల్లో తెలియనివారుండరు. ఆస్తి తగలేసి తిరిగొచ్చిన చిన్న కొడుకు కోసం తండ్రి కొవ్విన దూడను కోయిస్తాడు. అప్పుడు పొలం నుంచి వస్తున్నాడు పెద్ద కొడుకు. ఇంట్లో సంగీతం వినిపించి, సంగతేంటో పనివాణ్ని అడిగి తెలుసుకుని, గుమ్మం బయటే ఆగిపోతాడు. ఇన్నేళ్లుగా మీ మాట జవదాటలేదు, స్నేహితులతో సంతోషపడటానికి నాకో మేకపిల్లనైనా ఇచ్చారా అని అతని బాధ. నువ్వు ఎప్పుడూ నాతోనే ఉన్నావు, నాదంతా నీదే అని తండ్రి బుజ్జగిస్తాడు. పెద్ద కొడుకు లోపలికి వెళ్లాడో లేదో కథ చెప్పదు. ఈ కథ విన్నవాళ్లు చాలామంది పెద్ద కొడుకుది అసూయ అని తీర్పు చెబుతారు. క్షమ గొప్పదే. కానీ పెద్ద కొడుకు అడిగినదాంట్లోనూ న్యాయం ఉంది.

అభిమానులు చెడ్డవాళ్లు కనుక ఇలా జరుగుతోందనుకుంటే పొరపాటు. మనిషి జ్ఞాపకం పనిచేసే తీరే అది. 1993లో మనస్తత్వవేత్త డేనియల్ కానమన్ బృందం ఒక ప్రయోగం చేసింది. 14 డిగ్రీల చల్లటి నీళ్లలో ఒక నిమిషం చెయ్యి ఉంచమన్నారు. మరోసారి అదే నిమిషం తర్వాత ఇంకో అర నిమిషం ఉంచమని, ఆ చివరి భాగంలో నీటిని ఒక డిగ్రీ వరకు వెచ్చబరిచారు. ఏది మళ్లీ చేస్తారని అడిగితే ఎక్కువమంది బాధ ఎక్కువసేపున్న రెండోదాన్నే కోరుకున్నారు. మనసు పట్టుకునేది తారస్థాయిని, ముగింపును. మధ్యలో సాగిన కాలాన్ని వదిలేస్తుంది. నిలకడైన ఆటగాడి సంపదంతా ఆ వదిలేసిన కాలంలోనే ఉంటుంది.

ఇంతకంటే లోతైన కారణం మరొకటి ఉంది. తడబడేవాడు ఒకరోజు మెరిస్తే, తనను తాను గెలిచాడని ముచ్చటపడతాం. తడబడనివాణ్ని చూస్తే అతనికి అది పుట్టుకతో వచ్చిందనుకుంటాం. తత్వవేత్త కాంట్ 1785లో రాసిన నీతిశాస్త్ర గ్రంథం ఈ మొదటి చూపుకు బలమిస్తుంది. దుఃఖంలో మునిగి, ఎవరిమీదా జాలి పుట్టని స్థితిలోనూ కర్తవ్యం కోసం సాయం చేసేవాడిలోనే అసలైన నైతిక విలువ కనిపిస్తుందంటాడాయన. అరిస్టాటిల్ దారి వేరు. ఆయన లెక్కలో సద్గుణమంటే పదేపదే చేయగా స్థిరపడిన స్వభావం. తనతో తాను పెనుగులాడకుండా మంచి చేయగలవాడే పూర్ణుడు. ఈ విషయంలో అరిస్టాటిలే సరి. సులువుగా కనిపించేదాని వెనక కష్టం లేదని కాదు, కష్టం ముందే జరిగిపోయిందని. 2021 జులై 11న యూరో ఫైనల్లో పెనాల్టీ చేజార్చి జాతిదూషణలు భరించినప్పుడు సాకా వయసు 19. మూడేళ్లకు డ్యూసెల్‌డార్ఫ్ షూటౌట్‌లో బంతి వెనక నిలబడిన ఆ ప్రశాంతత పుట్టుకతో వచ్చిందనడం అతని శ్రమను కాజేయడమే.

అభిమాని పక్షాన చెప్పదగ్గ మాటా ఉంది. టికెట్ కొనేది ఆశ్చర్యపోవడానికి. వింగర్ పనే డిఫెండర్‌ను, జనాన్ని ఒకేసారి బోల్తా కొట్టించడం. నిలకడను మెచ్చుకోమంటే మెరుపును తక్కువ చేయమని కాదు. రెండింటికీ ఒకే త్రాసు వాడటమే తప్పు.

2024 డిసెంబరు 21న క్రిస్టల్ ప్యాలెస్‌తో ఆడుతూ తొడ వెనక కండరం దెబ్బతిని సాకా మైదానం వీడాడు. 101 రోజుల తర్వాత, ఏప్రిల్ 1న ఫుల్హమ్‌పై సబ్‌స్టిట్యూట్‌గా దిగి, కొద్ది నిమిషాల్లోనే తలతో గోల్ కొట్టాడు. స్టేడియం ఊగిపోయింది. ఆరోజు ఘనంగా స్వాగతించింది తిరిగొచ్చిన కొడుకుని. అంతకుముందు వారం వారం పొలానికి వెళ్లినవాడూ అతనే. పెద్ద కొడుకు దూడను అడగలేదు, మేకపిల్లను అడిగాడు. 70వ నిమిషంలో బంతి పోయాక, తన వెనకున్న ఫుల్‌బ్యాక్‌కు తోడుగా సగం మైదానం వెనక్కి పరుగెత్తుకొచ్చే వింగర్‌కు ఆ పరుగప్పుడే చప్పట్లు కొట్టవచ్చు. స్కోరు ఏమాత్రం మారకపోయినా సరే.