గెలుపు ఏ దేవుడిది? అసిరియా ఉత్థాన పతనాలు

అష్షూరు మొదట ఒక ఊరు. నేటి ఇరాక్‌లో టైగ్రిస్ నది పడమటి ఒడ్డున, ఒక రాతి గుట్ట మీద వెలసింది. ఊరికీ ఊరి దేవుడికీ ఒకటే పేరు. మెసొపొటేమియాలో తక్కిన దేవతలకు తల్లిదండ్రులు, ఆలుబిడ్డలు, అలకలు, యుద్ధాలు, బోలెడన్ని గాథలు ఉన్నాయి. అష్షూరుకు మొదట్లో ఇవేవీ లేవు; ఆయనకున్నదల్లా ఆ ఊరే. క్రీ.పూ. 1900 ప్రాంతంలో అక్కడి వర్తకులు గాడిదల మీద తగరం, బట్టలు వేసుకుని ఇప్పటి టర్కీలోని కానేష్ దాకా వెళ్లి వెండి, బంగారం తెచ్చుకునేవారు. వారి పాలకులు తమను రాజులమని చెప్పుకోలేదు. రాజు అష్షూరే, పాలకుడు ఆయన తరఫున పెత్తనం చూసేవాడు.

ఈ వినయమే తరవాత సామ్రాజ్యానికి అక్కరకొచ్చింది. క్రీ.పూ. 14వ శతాబ్దంలో పొరుగున ఉన్న మితాన్ని రాజ్యం బలహీనపడ్డాక, ఈ ఊరు కేంద్రంగా అసిరియా పెద్ద రాజ్యంగా ఎదిగింది. అప్పటినుంచి దేశాన్ని విస్తరించే బాధ్యతను పట్టాభిషేక క్రతువులోనే రాజుకు అప్పగించేవారు. లోకానికంతటికీ రాజు అష్షూరే అయినప్పుడు ఆయనకు కప్పం కట్టనివాడు పరాయి శత్రువు కాడు, తిరుగుబాటుదారు. కాబట్టి వాడి మీదికి దండెత్తడం శిక్ష వేయడమే అవుతుంది. రెండవ అషుర్నాసిర్పాల్ (క్రీ.పూ. 883–859) తిరగబడ్డవారి చర్మం ఒలిపించిన సంగతిని శాసనాల్లో గర్వంగా చెక్కించాడు. అసిరియన్లు ఇరుగుపొరుగు రాజుల కంటే క్రూరులా కాదా అన్నది అలా ఉంచితే, తమ క్రూరత్వాన్ని దాచుకోవాలని మాత్రం వారికి తోచలేదు. మూడవ తిగ్లత్పిలేసెరు (745–727) నాటికి జయించిన ప్రాంతాలు నేరుగా రాష్ట్రాలయ్యాయి. ఊళ్లకు ఊళ్లు ఖాళీ చేయించి జనాన్ని దూరదేశాలకు తరలించడం మామూలు పాలనాపద్ధతి అయింది. ఇశ్రాయేలు రాజధాని షోమ్రోను పడిపోయాక అక్కడినుంచి 27,290 మందిని తీసుకుపోయానని రెండవ సర్గోను రాయించుకున్నాడు.

యుద్ధం దేవుడి పని అయినప్పుడు లెక్క కూడా దేవుడికే చెప్పాలి. క్రీ.పూ. 714లో ఉరార్తు రాజ్యం మీద దండయాత్ర ముగిశాక సర్గోను పేర అష్షూరు దేవుడికి ఒక సుదీర్ఘమైన లేఖ రాశారు. ఆ మట్టిపలక ఇప్పుడు పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉంది. కొండలు, కోటలు, కొల్లగొట్టిన గుడి సొమ్ము అన్నీ వివరంగా చెప్పి, చివర తమవైపు నష్టం చూపించారు: ఒక రథికుడు, ఇద్దరు రౌతులు, ముగ్గురు కాల్బంటులు. అంత పెద్ద యుద్ధానికి ఇంత ముచ్చటైన లెక్క ఎవరూ నమ్మరు. ఆ లేఖ దేవుడికి రాసింది కనుక నిజం కంటే పద్ధతే ముఖ్యమైంది.

చిక్కల్లా ఓటమి దగ్గర వచ్చింది. క్రీ.పూ. 705లో అదే సర్గోను అనటోలియాలో యుద్ధంలో చనిపోయాడు. శవం కూడా దొరకలేదు. శవసంస్కారం లేని రాజు ప్రేతమై తిరుగుతాడని వారి నమ్మకం. ఆయన కొడుకు సన్హెరీబు తండ్రి కట్టించిన కొత్త రాజధానిని వదిలేసి నీనెవెకు మారాడు. తండ్రి ఏ దేవుడి పట్ల ఏ తప్పు చేశాడో కనుక్కోమని సన్హెరీబు సోదెగాళ్లను అడిగినట్టు ఒక పలక చెబుతుంది. అష్షూరు బలహీనుడేమో అన్న ప్రశ్న అందులో ఎక్కడా రాదు. తప్పు మనిషిదే కావాలి.

సన్హెరీబు క్రీ.పూ. 689లో బాబిలోన్‌ను నేలమట్టం చేసి, అక్కడి దేవుడు మర్దుక్ విగ్రహాన్ని ఎత్తుకుపోయాడు. బాబిలోన్ సృష్టిగాథలో మర్దుక్ ఉన్నచోట అష్షూరును కూర్చోబెట్టి కొత్త పాఠం తయారైంది. తరవాతి రాజు ఎసర్హద్దోను ఆ నగరాన్ని తిరిగి కట్టించాలనుకున్నాడు. తండ్రి చేసింది తప్పు అనడానికి లేదు. అందుకని ఆయన శాసనాలు మరో దారి వెతికాయి: బాబిలోన్ 70 ఏళ్లు పాడుపడి ఉండాలని మర్దుక్ కోపంతో విధించాడు, తరవాత మనసు కరిగి అంకెలను తిరగేశాడు. మేకు ఆకారపు లిపిలో 70ని తిరగేస్తే 11 అవుతుంది! ఇది కరణాల తెలివే కావచ్చు; కానీ దాని వెనక ఒక గంభీరమైన ఊహ ఉంది. గెలిచినవాడు నగరాన్ని కూల్చింది తన బలంతో కాదు, ఓడిన దేవుడి అనుమతితో.

యూదా ప్రవక్తలు ఇదే ఊహను ఇంకా ముందుకు తీసుకెళ్లారు. క్రీ.పూ. 701లో సన్హెరీబు యూదాలో 46 కోటల ఊళ్లను పట్టుకుని, హిజ్కియా రాజును యెరూషలేములో బంధించాడు. లాకీషు ముట్టడిని నీనెవె అంతఃపుర గోడల మీద చెక్కించాడు. యెరూషలేము మాత్రం కప్పం కట్టి నిలిచింది. అసిరియా రాజు తమ దేవుడు యెహోవా చేతిలో దండం మాత్రమేనని, దండం తానే కొడుతున్నానని మిడిసిపడితే దానికీ శిక్ష ఉంటుందని యెషయా గ్రంథం వాదిస్తుంది. ఇక్కడ ఓటమి దేవుడి బలహీనతకు రుజువు కాదు. శత్రువు గెలుపు కూడా ఆ దేవుడి ఖాతాలోకే వెళ్తుంది. అసిరియాకు ఇలాంటి ఆలోచన చేతకాలేదు. గెలుస్తున్నంతకాలం దాని అవసరమే రాలేదు.

క్రీ.పూ. 671లో ఈజిప్టులోని మెంఫిస్ దాకా చేరిన ఆ సామ్రాజ్యం రెండు తరాలలో కూలింది. 652–648 మధ్య ఎసర్హద్దోను కొడుకు అషుర్బనిపాల్‌కూ బాబిలోన్‌ను ఏలుతున్న అన్నకూ జరిగిన పోరు దాన్ని లోపలినుంచి డొల్ల చేసింది. అషుర్బనిపాల్ పోయాక వారసత్వ తగాదాలు మొదలయ్యాయి. తూర్పు పొరుగువారైన మాదీయులు 614లో అష్షూరు నగరాన్ని దోచుకున్నారు. 612లో వారూ బాబిలోనియన్లూ కలిసి నీనెవెను పడగొట్టారు. 609కి హారానులో మిగిలిన దర్బారు కూడా చెదిరిపోయింది. బాబిలోన్ రాజు నబోనిదస్ శాసనంలో ఇది మర్దుక్ ప్రతీకారం. అసిరియా గుళ్లను కూల్చిన పాపం మాత్రం మాదీయులదేనట. నీనెవె పతనం నాటి బాబిలోన్ రాజు ఆ పని చేయకపోగా దుఃఖంతో జుట్టు దువ్వుకోవడం కూడా మానేశాడట. యూదాలో ప్రవక్త నహూముకు అదే పతనం యెహోవా తీర్పు. అసిరియన్లు దాన్ని ఎలా అర్థం చేసుకున్నారో చెప్పే పలక మాత్రం లేదు. రాయించే దర్బారే పోయింది.

దేవుడు మాత్రం పోలేదు. అదే గుట్ట మీద పార్థియన్ల కాలంలో మళ్లీ గుడి లేచింది. రాజ్యం, సైన్యం, కప్పం ఏమీ లేని అష్షూరుకు భక్తులు అరామిక్‌లో తమ పేర్లు రాతి మీద చెక్కుకున్నారు. క్రీ.శ. 3వ శతాబ్దంలో ససానియన్ల దాడితో ఆ ఊరు పాడుపడేవరకు, అంటే సామ్రాజ్యం కూలాక 800 ఏళ్లకు పైగా, ఆయన పేరు అక్కడ వినిపించింది.