చెంగులో మిగిలిన బియ్యము



నాగపూరు రహదారిపై మేడ్చల్, కరీంనగరు రహదారిపై శామీర్‌పేట. నలుబది ఏండ్ల క్రిందట ఈ రెండు ఊళ్ల పరిసరములలో ద్రాక్షతోటలు కనుల పండువుగా నుండెడివి. నేడు ఆ నేలపై బహుళ అంతస్తుల ఇండ్లు లేచినవి. అట్టి ఒక ఇంట ఒక యువకుడు కలడనుకొందము. అతనికి పై అధికారి లేడు, హాజరుపట్టీ లేదు. ఏ దేశముననో ఉన్నవారు అంతర్జాలము ద్వారా పని ఒప్పగింతురు. అతడు కంప్యూటరు ముందు కూర్చుండి ప్రోగ్రాములు వ్రాసి, గంటల లెక్కన ప్రతిఫలము పొందును.

చెమట పట్టని పని కాయకమగునా యని పెద్దలలో కొందరు శంకింతురు. ఆ శంక కడ ఎక్కువసేపు నిలువనక్కరలేదు. పన్నెండవ శతాబ్దమున బసవేశ్వరుడు బిజ్జలుని భాండారమున లెక్కలు చూచినవాడే గదా!

అసలు చిక్కు వేరొకచోట నున్నది. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వెలువడిన పిదప, ప్రోగ్రాములను తామే వ్రాసియిచ్చు కృత్రిమ మేధా సాధనములు అందరి చేతికి వచ్చినవి. పది గంటలు పట్టునని ఈ యువకుడు చెప్పిన పని ఒకనాడు మూడు గంటలలోనే ముగిసినది. అవతలివాడు చూచుట లేదు. పద్దులో పది యని వ్రాసినను అడుగువాడు లేడు. చేయి ఎచ్చట ఆగవలెను?

కల్యాణము మనకు దూరపు ఊరు కాదు. బీదరు జిల్లాలోని నేటి బసవకల్యాణమే అది. 1956 వరకు హైదరాబాదు రాష్ట్రములోనిదే. మారయ్య, లక్కమ్మ యను దంపతులు అచ్చటికి చేరిరి. బసవేశ్వరుని ముంగిట నేలరాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చుట మారయ్య కాయకము. అందువలననే ఆయనకు ఆయ్దక్కి మారయ్య యని పేరు వచ్చినది. ఆ గింజలను వండి జంగములకు పెట్టి, మిగిలిన ప్రసాదమును స్వీకరించుట లక్కమ్మ నియమము. ఒకనాడు చెంగులో బియ్యము ఎక్కువగా నుండెను. లక్కమ్మ సంతసింపలేదు. ఇది మన నాటి పాలు కాదు, కొనిపోయి అక్కడనే పోసి రమ్మని భర్తను పంపెను. ఆ బియ్యము దొంగిలించినది కాదు, ఎవరును వద్దనలేదు కూడ. అయినను ఆమె కంటికి అది బరువుగా తోచెను.

ఇచట ఒక మాట విడదీసి చెప్పవలెను. మొత్తము పనికి ఇంతయని కుదుర్చుకొన్నచో, నేర్పువలన మిగిలిన కాలము పనివానిదే. కుమ్మరి సారెను వడిగా త్రిప్పినంత మాత్రమున కుండ వెల తగ్గదు. గంటకు ఇంతయని కుదిరినచో మాత్రము, చేయని గంటను వ్రాయుట నేలరాలని గింజను చెంగున పోసికొనుటయే. ఇంకొకటి. యంత్రము వ్రాసిన దానిలో తప్పు దాగియుండవచ్చును. దానిని వరుస వరుసగా పరీక్షించిన గంట నిజముగా పనిచేసిన గంటయే. దానిని వ్రాసికొనుటకు సిగ్గుపడనక్కరలేదు.

దాసోహము మాట కూడ ఇతనికి సంబంధించినదే. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన లినక్సు ఇతని పనికి పునాది. అది ఎవరైనను వెల లేక వాడుకొనదగినది. తెలుగులో వ్రాసికొనుటకు వీవెన్ లేఖినిని, తిరుమల కృష్ణదేశికాచార్యులు పోతన ఖతిని ఉచితముగనే ఇచ్చిరి. వారు దానిని దాసోహమని పిలిచిరో లేదో గాని, పంక్తి మాత్రము పరచిరి. దినమును ఆ పంక్తిలో భుజించువాడు తాను కట్టిన చిన్న పనిముట్టునొకదానిని అందులో వడ్డింపక లేచిపోవుట మర్యాదయా?

అయితే వడ్డించిన రాత్రియే మరొక బాధ మొదలగును. ఎందరు మెచ్చిరో యని పదిమారులు ఫోను తెరచి చూచును. ఇష్టలింగమును నిలుపుకొనవలసిన అరచేయి అదియే! పూజకు పది నిమిషములు చిక్కలేదనువారు ఆ అరచేతిలో ఎంతసేపు ఏమి చూచుచున్నారో ఒక్క రాత్రి లెక్కించుకొనిన చాలును.

ఆ యువకుడు పద్దులో మూడు గంటలే వ్రాసెననుకొందము. తదుపరి పనికి మొత్తము వెల మాటాడుకొందమని జాబును పంపెననుకొందము. ఆ నెల ఇంటి అద్దెకు కొంత తక్కువపడును. ఆ సంగతి భార్యకు చెప్పవలసియున్నది. విన్నంతనే ఆ ఇంట ఏ మాట పుట్టునో, ఈ పత్రిక చదువు మన తల్లులు, ఆడపడుచులు చెప్పవలెను.