మంచు రవ్వ

ఆదివారం పొద్దున ఆత్మకూర్ (ఎస్)లో మా గల్లీకి చేపల బండి వచ్చింది. తొట్టిలో కొర్రమీనులు ఇంకా కొట్టుకుంటున్నాయి. పక్కన థర్మాకోల్ డబ్బాలో సముద్రపు చేపలు, మంచు ముక్కల కింద. ఒకటి చేతిలోకి తీసుకున్నాను. కట్టెలా బిగుసుకుపోయింది.

మంచు కింద చచ్చినవే ఉంటాయనుకుంటాం. కానీ మంచులోనే ఈదే చేపలూ ఉన్నాయి. అంటార్కిటికా చుట్టూ ఉన్న సముద్రంలో ట్రెమటోమస్ అనే ప్రజాతి చేపలు ఉంటాయి. అక్కడి నీరు మైనస్ 1.9 డిగ్రీల దాకా పోతుంది. ఉప్పు వల్ల నీళ్లుగానే ఉంటుంది గానీ, మామూలు చేపల నెత్తురు అంతకన్నా ముందే గడ్డకట్టాలి. వీటి నెత్తురు ఎందుకు గడ్డకట్టదో 1960లలో ఆర్థర్ డెవ్రీస్ అనే శాస్త్రవేత్త తేల్చాడు. అందులో చక్కెరతో అతుక్కున్న ఒక ప్రొటీన్ ఉంది.

అది చేసే పని చూడు. మంచును బయటే ఆపేయదు. నీళ్లతోపాటు సన్నటి రవ్వలు చేప ఒంట్లోకి పోతూనే ఉంటాయి. ఈ ప్రొటీన్ ఆ రవ్వను అంటిపెట్టుకుని, పెద్దది కానివ్వదు. అంతే.

నేస్తమా, "దిగులే రాకుండా చూడు ప్రభూ" అని ఎన్నిసార్లు అడిగాం? అయినా వస్తుంది. వడ్లు కల్లంలో ఉండగానే మబ్బు పడుతుంది. పిల్లల ఫీజుకు గడువు దగ్గరపడుతుంది. రాత్రి రెండింటికి మెలకువ వస్తుంది. అంతమాత్రాన నీ విశ్వాసం తక్కువైందనుకోకు. రవ్వ లోపలికి వచ్చింది, అంతే కదా? దాన్ని పట్టుకునేవాడు నీకంటే ముందే మేలుకుని ఉన్నాడు.

(చేపకు దిగులేంటని నవ్వుతావేమో. నిజమే, దానికి ఫీజులు లేవు.)

మరి నువ్వు ఆ రవ్వను ఏం చేస్తున్నావు? నేనైతే ఫోన్ తీసి లెక్కలు చూస్తాను. అప్పు, వడ్డీ, మళ్లీ అప్పు. తెల్లారేసరికి గుండెలో బండ.

ఈ రాత్రి ఫోన్ దండెం కింద బల్ల మీదే ఉంచుతాను. మెలకువ వస్తే ఆ ఒక్క దిగులు పేరు చెప్పి, "ప్రభూ, ఇది వచ్చింది, పట్టుకో" అంటాను. వడ్ల మీద టార్పాలిన్ సాయంత్రమే కప్పాను, అంచుల మీద రాళ్లు పెట్టాను. కుండలో నీళ్లు ఒక గ్లాసు తాగి, అటు తిరిగి పడుకుంటాను.