విరగడానికే పెట్టిన పన్ను

రిమోట్‌తో నడిచే నైట్రో ట్రక్కులకి తరచుగా వచ్చే జబ్బు ఒకటుంది. ఇంజన్ గొంతు చించుకుని అరుస్తుంది, బండి మాత్రం కదలదు. విప్పి చూస్తే స్పర్ గేర్ అనే పెద్ద ప్లాస్టిక్ పళ్ళచక్రంలో పళ్ళు ఊడిపోయి ఉంటాయి. దాన్ని తిప్పే క్లచ్ బెల్, లోహంతో చేసింది, దర్జాగా చెక్కుచెదరకుండా ఉంటుంది.

చూసినవాళ్ళు వెంటనే తీర్పు చెప్పేస్తారు: ప్లాస్టిక్ కదా, పోయింది, స్టీలుది వేసేయ్. ఈ తీర్పులో ఒక నైతిక సమస్య ఉందని నాకనిపిస్తుంది. విరిగింది ఎవరో తెలియగానే, తప్పెవరిదో కూడా తెలిసిపోయినట్టు అనుకోవడం.

నిజానికి ఆ పళ్ళు ఎందుకు పోతాయి? ఇంజన్ అదురుకి మౌంట్ స్క్రూలు వదులై, రెండు గేర్ల మధ్య సందు పెరుగుతుంది. పళ్ళు కొసలతో మాత్రమే పట్టుకుంటాయి. లేదా మరీ బిగించేస్తే ఒకదాన్నొకటి నూరుకుని వేడెక్కుతాయి. అందుకే రెంటి మధ్యా సన్నటి కాగితం పెట్టి ఇంజన్ బిగిస్తారు. తీసినప్పుడు కాగితం మడతలు పడాలి, చిరగకూడదు. స్లిప్పర్ క్లచ్ మరీ బిగుతుగా ఉన్నా ప్రమాదమే, కుదుపు వచ్చినప్పుడు జారాల్సింది జారదు. గాల్లోకి ఎగిరిన ట్రక్కు, థ్రాటిల్ వదలకుండానే నేల మీద పడితే, విచ్చలవిడిగా తిరుగుతున్న చక్రాలు ఒక్కసారిగా ఆగుతాయి. ఆ దెబ్బంతా గేర్ల మీదే. ఈ కారణాల్లో ఏ ఒక్కటీ ఆ పంటి తప్పు కాదు.

సరే, స్టీలుది వేశారనుకుందాం. దెబ్బ ఎక్కడికీ పోదు, లోపలికి జరుగుతుంది. క్లచ్ బెల్ అరుగుతుంది, గేర్‌బాక్సో డిఫరెన్షియలో దెబ్బతింటుంది. పది నిమిషాల పని కాస్తా బండంతా విప్పే పనవుతుంది. మన ఇళ్ళల్లో ఫ్యూజు మాటిమాటికీ పోతోందని లావు తీగ చుట్టే పెద్దమనుషుల తెలివి కూడా ఇదే. తీగ నిలుస్తుంది, గోడలోని వైరింగు కాలుతుంది.

అంటే చౌకైనది, మార్చడానికి సులువైనది ముందు విరగడమే మంచి డిజైన్. ఇంజనీరుగా దీన్ని నేను ఒప్పుకుంటాను. ఇబ్బందల్లా, ఇదే సూత్రాన్ని మనుషులకి వర్తింపజేసినప్పుడు. సాఫ్ట్‌వేర్‌లో రాత్రిపూట సర్వర్ పడిపోతే, ఆఖరి బటన్ నొక్కిన కుర్రాడి పేరు ముందు బయటికొస్తుంది. సాధారణంగా అతను కాంట్రాక్టు ఉద్యోగి: చౌక, మార్చడం సులువు. పరీక్షలకి టైమివ్వని గడువు, ఒప్పుకోకూడని ఒప్పందం, ఇవన్నీ క్లచ్ బెల్ లాగా మెరుస్తూనే ఉంటాయి.

"ఎవరో ఒకరు దెబ్బ తినాలి కదా, అగ్నిమాపక సిబ్బంది తినడం లేదా?" అనొచ్చు మీరు. తింటారు. కానీ వాళ్ళకి ప్రమాదం ముందే తెలుసు, శిక్షణ ఉంది, రక్షణ దుస్తులున్నాయి, దెబ్బ తగిలితే నింద రాదు. మనిషిని కేవలం సాధనంగా వాడొద్దని కాంట్ 1785లోనే వాదించాడు. పంటికి సమ్మతి అక్కర్లేదు, ఎందుకంటే దానికి కోల్పోయేదేమీ లేదు. మనిషికి నెలాఖరు అద్దె ఉంటుంది, పేరు ఉంటుంది.

ఇంకో తేడా కూడా ఉంది. మంచి మెకానిక్ విరిగిన గేర్‌ని పారేసే ముందు దాన్ని చదువుతాడు. పళ్ళ కొసలే అరిగాయా, మొదలుకంటా విరిగాయా, ప్లాస్టిక్ కరిగిందా? విరిగిన తీరే సాక్ష్యం. తర్వాత మౌంట్ స్క్రూలకి థ్రెడ్‌లాక్ పూసి, సందు సరిచేసి, అప్పుడు కొత్త గేర్ వేస్తాడు. మనం మాత్రం మనిషిని మార్చేసి, స్క్రూ జోలికి పోము. ఆ కుర్రాడు వెళ్ళిపోతూ తనతో పాటు సాక్ష్యాన్ని కూడా తీసుకుపోతాడు. కొత్తగా వచ్చినవాడు అదే సందులో తిరగడం మొదలుపెడతాడు.

ప్లాస్టిక్ ముక్కకి మనం చూపించే ఈపాటి శ్రద్ధ మనిషికి చూపించడానికి పెద్ద కరుణేమీ అక్కర్లేదు. "ఎవరు?" అని అడిగే ముందు "ఎందుకు విరిగింది?" అని అడిగితే చాలు.