అన్నము, అపరాధము

పార్శ్వపు నొప్పితో బాధపడు మనిషి యున్న యింట, ఆ నొప్పి వచ్చిన ప్రతిసారియు మొదట విచారణకు వచ్చునది నిన్నటి విస్తరి. తలుపులు మూసిన చీకటి గదిలో, కణతలకు తడిగుడ్డ చుట్టుకొని, వంటింటి తాలింపు వాసన సోకినంతనే వాంతి యగునేమో యని పైటకొంగుతో ముక్కు మూసికొని యిల్లాలు పడియుండగా, వసారాలో తక్కినవారు కూర్చుండి, రాత్రి పోసికొన్న పుల్లపెరుగు కారణమా, పగటి ఆవకాయ కారణమా, పెండ్లివారింట తిన్న మిఠాయి కారణమా యని వాదించుకొనుచుందురు. తీర్పు వెలువడుటకు జాగు కాదు. ఆనాటినుండి ఆ పదార్థము ఆమెకు నిషిద్ధము. ఆ నిషేధమును మీరిన పిమ్మట వచ్చిన నొప్పి రోగమనిపించుకొనదు, జిహ్వాచాపల్యమునకు తగిన శాస్తి యనిపించుకొనును. బాధపడువారినే అపరాధులుగ నిలబెట్టు నీ వాడుక ఎంతవరకు ధర్మమో విచారింపవలసి యున్నది.

ముందు జరిగినదెల్ల కారణమనుట తార్కికు లొప్పుకొనరు. కార్యమునకు ముందు నియమముగ నుండి, అన్యథాసిద్ధము కానిదియే కారణమని వారి సిద్ధాంతము; మన్ను మోసి తెచ్చిన గాడిద కుమ్మరిసారె చెంత నిలిచినంత మాత్రమున కుండకు కారణము కానేరదు. చాక్లెట్టు తిన్నచో పార్శ్వపు నొప్పి తప్పదని పాశ్చాత్య దేశములలో చిరకాలపు నమ్మిక. 1997లో అమెరికా పరిశోధకులు కొందరు, తరచుగ తలనొప్పి వచ్చు స్త్రీలకు, ఏది యేదో తినువారికి గాని పెట్టువారికి గాని తెలియని రీతిని, ఒకప్పుడు చాక్లెట్టును, ఒకప్పుడు దానివలెనే యుండునట్లు కారబ్ కాయల పిండితో చేసిన మిఠాయిని ఇచ్చి చూడగా, చాక్లెట్టు వలన నొప్పి హెచ్చినట్లు తేలలేదు. అంతకంటె విచిత్రమైన సంగతి యింకొకటి గలదు. తల నొప్పి యెత్తుటకు కొన్ని గంటలు మొదలు ఒకటి రెండు దినముల ముందుగనే, కొందరిలో మెదడు మార్పు చెందనారంభించి, మాటిమాటికి ఆవులింతలు, మెడ పట్టుట, అకారణమైన చిరాకు, తీపిపై వల్లమాలిన కోరిక పుట్టునని నేటి వైద్యులు చెప్పుచున్నారు. అట్లయినచో ఆమె మిఠాయి తిన్నందున నొప్పి వచ్చినది కాదు, నొప్పి రానున్నందుననే మిఠాయికై చేయి చాచినది. మనము చాపల్యమని తిట్టినది రోగలక్షణమే! ఇక ఆ కోరికకు కర్త యెవరు? కోరిక ప్రకృతి గుణములదే గాని పురుషునిది కాదని సాంఖ్యులు ఘోషించిరి. ఆ మాటను పురాణకాలక్షేపమున తలయూపుచు వినువారే యింటికి వచ్చి, మిఠాయి డబ్బా మూత తీసిన కోడలిని దూషింతురు.

అన్నము సర్వథా నిర్దోషమని నా వాదము కాదు. 1967లో ఎడా హానింగ్టన్ అను ఆంగ్ల వైద్యురాలు, మాగిన జున్నుగడ్డలలో నుండు టైరమిను కొందరికి ఈ నొప్పిని రేపునని ప్రకటించినది. తరువాతి పరీక్షలు కొన్ని ఆమె పక్షమునను, కొన్ని ప్రతిపక్షమునను నిలిచినవి. చరకసంహితయు అర్ధావభేదకమను ఈ పార్శ్వపు నొప్పికి రూక్షాన్నమును, తిన్నది యరుగక మున్నే మరల తినుటను హేతువులుగ చెప్పినది, కాని అంతటితో ఆగక తూర్పుగాలిని, మంచును, వేగనిరోధమును, ఆయాసమును వాని ప్రక్కనే కూర్చుండబెట్టినది. ఆహారమును విచారింపవలసిన అంశము లెనిమిదింటిని లెక్కించుచు, చరకుడు ఎనిమిదవదిగ తినువానినే పేర్కొనుట గమనింపదగినది. అతని దృష్టిలో పథ్యాపథ్యములు పదార్థమున మాత్రమే యుండవు. తినువాని యలవాటును, కాలమును, దేశమును, పరిమాణమును అనుసరించి మారుచుండును. అన్నమును నిందింపకుండుట తైత్తిరీయమున వ్రతముగ విధింపబడినది. చరకుని లెక్క చూచిన పిదప ఆ వ్రతమునకు శరీరశాస్త్రపుటూత కూడ కలదని తోచును.

ఉపవాస మింతకంటె చిక్కైన ప్రశ్న. ఈ రోగులలో పెక్కండ్రకు, ఏ పదార్థమును తినుటకంటెను, వేళకు తినకపోవుటయే అపాయకరము. పైగా ప్రతిదినము కాఫీకి అలవాటుపడినవారు ఒక్కమారుగ మానినచో, పండ్రెండు మొదలు ఇరువదినాలుగు గంటలలోపల తలనొప్పి మొదలగుట సామాన్యము. యూదుల యోమ్ కిప్పూరునాటి తలనొప్పి, రంజాను తొలిదినముల తలనొప్పి వైద్యగ్రంథములకెక్కినవి. మన ఏకాదశి తలనొప్పి యింకను పెరటి సంభాషణలలోనే యున్నది. ఆ బాధయే తపస్సని, ఓర్చుకొన్నంత పుణ్యమని చెప్పు పెద్దలు లేకపోలేదు. గీతాచార్యుడు మాత్రము మితిమీరి తినువానికిని, బొత్తిగ తినని వానికిని యోగము సిద్ధింపదనెను. శరీరమును కృశింపజేయు ఘోరతపమును ఆసురమనెను. ధర్మశాస్త్రకారులును నిర్దయులు కారు. నీరు, కందమూలములు, పండ్లు, పాలు, హవిస్సు, బ్రాహ్మణుని కోరిక, గురువాక్యము, ఔషధము, ఈ యెనిమిదియు వ్రతమును చెరుపవని వారే చెప్పిరి.

కాఫీ వీనిలో దేనిక్రిందికి వచ్చునని ఛాందసు లడుగవచ్చును. నీరును పాలును పట్టికలోనే యున్నవి, వివాదమెల్ల గింజను గురించియే. తలనొప్పి మాత్రలు కొన్నింటిలో కెఫీనును చేర్చుచున్నారు గనుక దానిని ఔషధపు పద్దున వ్రాసికొనవచ్చునని నా పక్షము. అతిగ త్రాగినచో అదియే నొప్పికి మూలమగుననియు ఎరుగుదును. పార్శ్వపు నొప్పిగల మనిషి ఏకాదశినాడు మామూలు వేళకు మామూలు కొలతతో ఆ గ్లాసెడు కాఫీ త్రాగి, పిమ్మట ద్వాదశి పారణ వరకు పండ్లతోను పాలతోను వేళ తప్పక గడపినచో, ఆ వ్రతము భంగమైనదని నేను చెప్పజాలను.